ఎగ్జిబిషన్ అయ్యాక మిగిలిన రెండ్రోజుల్లో షాంఘై

విజయవాడ ఆటోనగర్‌లో మాకు స్పేర్ పార్టుల షాపు ఉంది. చలికాలం మొదలయ్యే వేళకి షాంఘైలో ఆటోమెకానికా ఎగ్జిబిషన్ జరుగుతుంది. మా లైన్లో వాళ్ళు కొందరు ఏటా వెళ్తారు. నాలుగు రోజులు ఆ హాళ్ళలో తిరిగి కాళ్ళు వాచిపోయాక, రిటర్న్ టికెట్‌కి ఒకటి రెండు రోజులు మిగులుతాయి. అప్పుడందరూ చేసే పని ఒకటే. పెద్ద టవర్ ఎక్కుతారు, నాలుగు ఫోటోలు దిగుతారు, మాల్‌లో బ్యాగు కొంటారు, గదికొచ్చి పడుకుంటారు. మొదటి రెండు ట్రిప్పుల్లో నేనూ అంతే. మూడోసారి మా బావమరిదిని వెంటబెట్టుకెళ్ళాను. ఆయనకి ఎత్తంటే భయం. టవర్ ఎక్కనన్నాడు. ఆ భయం పుణ్యమా అని నేను షాంఘైని కింది నుంచి చూశాను. ఇక్కడ రాసేదంతా ఆ నడకలో తెలిసిందే.

ముందు ఫోన్ సంగతి. ఇక్కడ బద్ధకిస్తే అక్కడ అడుగు ముందుకు పడదు. విమానం ఎక్కకముందే అలీపే అనే చైనా చెల్లింపుల యాప్ దించుకుని, పాస్‌పోర్ట్ వివరాలిచ్చి, మీ వీసా కార్డో మాస్టర్ కార్డో దానికి కలపండి. బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేయడం మర్చిపోవద్దు. ఓటీపీ మన సిమ్‌కే వస్తుంది కాబట్టి రోమింగ్ ప్యాక్ వేయించుకోవాలి. దాంతో ఇంకో లాభం ఉంది. మన సిమ్ రోమింగ్ డేటా మీద వాట్సాప్, గూగుల్ రెండూ పనిచేస్తాయి. చైనా నెట్‌లో వాటిని అడ్డుకుంటారు కాబట్టి, హోటల్ వైఫైకి మారారా, రెండూ మూగబోతాయి. మా బావమరిది మొదటి రాత్రి వైఫైలోకి వెళ్ళి, ఇంటికి మెసేజ్ పోవట్లేదని రెండు గంటలు టెన్షన్ పడ్డాడు. ఇక్కడ మా ఆవిడ కూడా పడింది.

చిల్లర ఖర్చుకి 300, 400 యువాన్లు నోట్లుగా ఉంచుకుంటే చాలు. యువాను సుమారు 12, 13 రూపాయలు. చిలగడదుంపలు కాల్చి అమ్మే బండి దగ్గర కూడా స్కానరే, మన ఫోన్‌పే లాగే. విదేశీ కార్డుతో ఒక్కో బిల్లు 200 యువాన్లు దాటితే అలీపే 3 శాతం అదనంగా పట్టుకుంటుంది. చిన్న బిల్లులకి అది ఉండదు. ట్యాక్సీ పిలిచే దీదీ, మెట్రో క్యూఆర్ కోడ్ కూడా అలీపే లోపలే దొరుకుతాయి. దారి చూపడంలో గూగుల్ మ్యాప్‌ని అక్కడ నమ్మొద్దు. ఐఫోన్ ఉంటే ఆపిల్ మ్యాప్ బాగానే పనిచేస్తుంది. లేకపోతే గావ్‌దె అనే వాళ్ళ మ్యాప్ వేసుకోండి. హోటల్ పేరు, అడ్రసు చైనీస్‌లో ఉన్న కార్డు రిసెప్షన్‌లో అడిగి జేబులో పెట్టుకోండి. చార్జింగ్ అయిపోయిన రోజున మిమ్మల్ని గదికి చేర్చేది ఆ కార్డే.

మెట్రో గురించి భయం అక్కర్లేదు. బోర్డులన్నీ ఇంగ్లీషులో కూడా ఉంటాయి, టికెట్ 3 యువాన్ల నుంచి మొదలవుతుంది. ఎగ్జిబిషన్ సెంటర్, నాంజింగ్ రోడ్డు, నది అవతలి టవర్లు, పుడోంగ్ ఎయిర్‌పోర్టు అన్నీ రెండో నంబరు లైను మీదే ఉన్నాయి. ఆ ఒక్క ఆకుపచ్చ గీత గుర్తుంటే సగం ఊరు వచ్చేసినట్టే. చిక్కల్లా ప్రతి స్టేషన్‌లోనూ బ్యాగుని స్కానింగ్‌లో పెట్టాలి. నా బ్యాగులో బ్రేక్ ప్యాడ్ల శాంపిళ్ళు ఉండేవి. తెర మీద నల్లటి ముద్దలా కనిపించేసరికి ఆ అమ్మాయి చెయ్యెత్తడం, నేను జిప్పు తీయడం, పొట్లం విప్పి చూపించడం. ఒకే రోజు నాలుగుసార్లయింది. శాంపిళ్ళు గదిలో పడేసి బయల్దేరండి.

మొదటి సాయంత్రం వైతాన్‌కి వెళ్ళాలి. మనవాళ్ళు బండ్ అంటారు. హువాంగ్‌పు నది ఒడ్డున కిలోమీటరున్నర పొడవునా రాతి భవనాలు. నూరేళ్ళ కింద విదేశీ బ్యాంకులు, షిప్పింగ్ కంపెనీలు కట్టుకున్నవి. అటు తిరిగితే నదికి ఆవల పుడోంగ్. 1990 దాకా అటువైపు పొలాలు, గోదాములు, ఓడలు కట్టే యార్డులే. ఇప్పుడక్కడ 468 మీటర్ల ఓరియంటల్ పెర్ల్, సీసా మూత తీసే ఓపెనర్‌లా ఉండే 492 మీటర్ల భవనం, వాటన్నిటినీ తలదన్నే 632 మీటర్ల షాంఘై టవర్ ఉన్నాయి. దీపాలు చూడాలంటే చీకటి పడగానే చేరుకోండి. మేం భోంచేసి తీరిగ్గా వెళ్ళేసరికి 10 దాటింది. టవర్ల మీద దీపాలు ఆర్పేశారు. ఎదురుగా చీకట్లో పెద్ద పెద్ద నీడలు, చలిగాలి, మేమిద్దరం.

మర్నాడు పగలు మళ్ళీ వెళ్ళాం. అదే మంచిదయింది. గడియారం గోపురం ఉన్న కస్టమ్స్ భవనం పక్కన, గుండ్రటి డోమ్‌తో ఇంకో భవనం ఉంటుంది. వైతాన్‌లో అది 12వ నంబరు. 1923లో హాంగ్‌కాంగ్ షాంఘై బ్యాంకు కట్టింది, ఇప్పుడు వేరే బ్యాంకు నడుస్తోంది. బ్యాంకు పనివేళల్లో తలుపు తోసుకుని లోపలికి నాలుగడుగులు వేసి తలెత్తండి. ఎనిమిది మూలల హాలు. పైన రంగు రాళ్ళ ముక్కలు పొదిగి చేసిన బొమ్మలు. ఆ బ్యాంకు వ్యాపారం చేసిన ఎనిమిది నగరాల బొమ్మలవి. లండన్, పారిస్, న్యూయార్క్, టోక్యో, వాటి మధ్య మన కలకత్తా! మెడ నొప్పెట్టేదాకా చూశాను. అంతకుముందు శతాబ్దంలో మన దేశం నుంచి ఇక్కడికి ఓడల్లో వచ్చిన సరుకు నల్లమందు. ఆ డబ్బుతో లేచిన ఊళ్ళలో ఇదొకటి అని తెలిసి చూస్తే ఆ బంగారు రంగు వేరేగా కనిపిస్తుంది. ఫోన్ బయటికి తీయకండి, గార్డు ఊరుకోడు.

ఇప్పుడు నది దాటే సంగతి. టూరిస్టుల పడవకి వందకు పైగా యువాన్లు అడుగుతారు. కట్టొద్దు. పుడోంగ్ వైపు టవర్ల నుంచి దక్షిణంగా పావుగంట నడిస్తే దాంగ్‌చాంగ్ రోడ్డు రేవు వస్తుంది. అక్కడ ఊరివాళ్ళు ఎక్కే ఫెర్రీ ఉంది. టికెట్ 2 యువాన్లు, అంటే పాతిక రూపాయలు. గేటు తీయగానే స్కూటర్లన్నీ ఒక్కసారిగా లోపలికొస్తాయి. డెలివరీ కుర్రాళ్ళు, కూరల సంచీలు ముందు వేలాడదీసుకున్న ముసలమ్మలు, ఆఫీసు నుంచి ఇంటికెళ్ళేవాళ్ళు. ఎవరూ టవర్ల వంక చూడరు. మనమే చూస్తాం. కూర్చునే చోటు కోసం చూడకుండా కుడివైపు కటకటాల దగ్గర నిలబడండి. సాయంత్రం పూటయితే కాసేపట్లోనే ఎడమ చేతికి పాత ఊరు, కుడి చేతికి కొత్త ఊరు, నడుమ బొగ్గో ఇసకో నింపుకుని పోయే బల్లకట్టు లాంటి ఓడలు. మా బావమరిది "బావా, మళ్ళీ ఎక్కుదాం" అన్నాడు. ఇంకో రెండు యువాన్లే కదా అని అటూ ఇటూ మూడుసార్లు తిరిగాం. బాగా పొద్దుపోతే పడవలుండవు, చూసుకోండి.

టవర్ ఎక్కాలనే పట్టుదల ఉంటే కాదనను. షాంఘై టవర్‌లో 118వ అంతస్తు దాకా లిఫ్టు నిమిషంలోపే తీసుకెళ్తుంది. చెవులు దిబ్బడ పడతాయి. కానీ కింద నిలబడి చూస్తే పై అంతస్తులు మీకు కనిపించని రోజున, పైకెళ్ళినా మీకు కింద ఏమీ కనిపించదు. చలికాలంలో అలాంటి రోజులు చాలా ఉంటాయి. నా మొదటి ట్రిప్పులో టికెట్ డబ్బులు తెల్లటి మబ్బుకి సమర్పించుకున్నాను.

తిండి విషయంలో కొంచెం ఎక్కువే రాయాలి, ఎందుకంటే మాది మాంసం ముట్టని ఇల్లు. షాంఘైలో పేరున్న వంటకాలు చాలావరకు పంది మాంసంతోనే ఉంటాయి. "నో మీట్" అంటే పైన ముక్కలు తీసేసి ఆ సూపే పోసి ఇస్తారు. వాళ్ళ లెక్కలో అది శాకాహారమే. అందుకని "మాంసం, చేప, రొయ్య, పంది కొవ్వు, మాంసం సూపు ఏవీ వద్దు" అని చైనీస్‌లో రాయించుకుని ఫోన్‌లో ఫోటోగా దాచుకోండి. అంతకంటే సులువు, బౌద్ధ గుళ్ళకి వెళ్ళడం. బర్మా నుంచి తెచ్చిన తెల్లటి జేడ్ రాతి బుద్ధుడున్న యూఫో గుడిలో నూడుల్స్ పెడతారు. పైన పుట్టగొడుగులు, వెదురు మొలకలు. నాలుక చురుక్కుమనదు గానీ కడుపు చల్లబడుతుంది. నాంజింగ్ పశ్చిమ రోడ్డులో గోంగ్‌దెలిన్ అని పూర్తి శాకాహార హోటలుంది, 1922లో మొదలైన పేరది. ముక్క లాగానే కనిపించే సోయా వంటలు చేస్తారు. మా బావమరిది మొదట ప్లేటు దూరంగా జరిపాడు, నమ్మడానికి పది నిమిషాలు పట్టింది. పొద్దున పూట వీధి చివర ఆవిరి బుట్టల్లో ఆకుకూర, పుట్టగొడుగులు కూరిన తెల్లటి బన్నులు దొరుకుతాయి. రెండు తింటే మధ్యాహ్నం దాకా ఢోకా లేదు. ఇంటి నుంచి కందిపొడి డబ్బా తీసుకెళ్ళారా, ఉత్త అన్నం ఎక్కడ దొరికినా భోజనం అయిపోయినట్టే. హోటళ్ళలో అడగకుండానే వేడి నీళ్ళిస్తారు. ఆ చలిలో అంతకంటే మర్యాద ఏముంటుంది.

రెండో రోజు శని, ఆదివారాల్లో ఏదైనా అయితే మధ్యాహ్నం పీపుల్స్ పార్క్‌కి వెళ్ళి తీరాలి. షాంఘైలో నాకు అన్నిటికంటే నచ్చిన చోటు ఇదే. దారి పొడవునా తెరిచిన గొడుగులు నేల మీద వరసగా ఉంటాయి. ఒక్కో గొడుగుకి ఒక్కో కాగితం అతికించి ఉంటుంది. పక్కన చిన్న స్టూలు మీద ఒక తల్లో తండ్రో. మొదట అమ్మకం సరుకేమో అనుకున్నాం. ఫోన్‌లో అనువాదం పెట్టి చూస్తే, అమ్మాయి పుట్టిన సంవత్సరం, ఎత్తు, చదువు, జీతం, షాంఘైలో సొంత ఫ్లాటు ఉందా, ఊరి నివాస నమోదు ఉందా! పెళ్ళి సంబంధాల సంత అది. గోత్రం, నక్షత్రం లేవు గానీ కొన్ని కాగితాల మీద పుట్టిన ఏడాది జంతువు రాశారు, కోడి అనో గొర్రె అనో. ఒక పెద్దాయన చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, ఎవరైనా వంగి చదువుతుంటే కొంచెం సర్దుకుని కూర్చునేవాడు. వాళ్ళు వెళ్ళిపోగానే గొడుగుని అంగుళం ముందుకు జరిపేవాడు. మా బావమరిది తన కూతురికి రెండేళ్ళుగా సంబంధాలు చూస్తున్నాడు. ఆ పెద్దాయన పక్కనే చాలాసేపు నిలబడ్డాడు. ఇద్దరికీ ఒక్క మాట కలవదు. వచ్చేటప్పుడు ఇద్దరూ తలలూపుకున్నారు. అక్కడ ఫోటోలు తీయకండి. వాళ్ళ పిల్లల్లో చాలామందికి తమ కాగితం అక్కడుందని తెలియదట.

ఆ చుట్టుపక్కలే ఇంకో హెచ్చరిక. పీపుల్స్ స్క్వేర్, నాంజింగ్ రోడ్డు దగ్గర చక్కటి ఇంగ్లీషులో ఎవరైనా పలకరించి, ఫోటో తీయమని, ఆ తర్వాత "టీ తాగుదాం రండి" అంటే నవ్వి ముందుకు నడవండి. మొదటి ట్రిప్పులో నేను నవ్వి వెంట వెళ్ళాను. చిన్న గిన్నెల్లో ఐదు రకాల టీ రుచి చూపించారు. బిల్లు 1,200 యువాన్లు. ఆ టీ రుచి ఇప్పుడు గుర్తులేదు, బిల్లు గుర్తుంది.

యూయువాన్ తోట అని మింగ్ కాలం నాటిది ఒకటుంది, 1559లో మొదలుపెట్టారు. బాగుంటుంది గానీ చుట్టూ బజారు, కాలు పెట్టే చోటుండదు. తెల్లవారగానే వెళ్ళి, దయ్యాలు మలుపులు తిరగలేవని తొమ్మిది వంకరలతో కట్టిన వంతెన మీద ఒకసారి నడిచి వచ్చేస్తే సరిపోతుంది. మిగిలిన పొద్దంతా పాత ఫ్రెంచి పేట వీధుల్లో గడపండి. ప్లేన్ అనే జాతి చెట్లు రోడ్డుకి రెండు వైపుల నుంచీ వంగి పైన కలుసుకుంటాయి. ఆ చలికాలం ఆకులన్నీ రాలి ఫుట్‌పాత్ పసుపుపచ్చగా ఉంది. మావోమింగ్ రోడ్డు, నాన్‌చాంగ్ రోడ్డు కలిసే చోట హఠాత్తుగా గడ్డం, జుట్టు తెలిసిన ముఖం. మన రవీంద్రుడి విగ్రహం. 1924లో ఆయన ఈ ఊరొచ్చారు. అక్కడికి దగ్గర్లోనే ఫుషింగ్ పార్కు ఉంది. ఒక తాత బకెట్లో నీళ్ళు పెట్టుకుని, నడుం ఎత్తు కుంచెతో రాతి పలకల మీద అక్షరాలు రాస్తున్నాడు. మూడో వరస మొదలుపెట్టేసరికి మొదటి వరస ఆరిపోతోంది. ఆయనకేమీ తొందర లేదు.

తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్టుకి మూడు దారులు. మెట్రో అయితే పది యువాన్లలోపే, కానీ ఎగ్జిబిషన్ సెంటర్ ఉన్న హాంగ్‌చావ్ వైపు నుంచి గంటన్నరకు పైగా పడుతుంది, సామానుతో నిలబడాలి. 2024 డిసెంబరు చివర్లో హాంగ్‌చావ్ నుంచి పుడోంగ్‌కి నేరుగా ఎయిర్‌పోర్ట్ లింక్ రైలు మొదలైంది. 26 యువాన్లు, సుమారు 40 నిమిషాలు. ఎగ్జిబిషన్ దగ్గర గది తీసుకున్నవాళ్ళకి ఇదే మేలు. మూడోది లాంగ్‌యాంగ్ రోడ్డు నుంచి మాగ్లెవ్, పట్టాలకి తగలకుండా అయస్కాంతాల మీద తేలే రైలు. ఒకప్పుడు 431 కిలోమీటర్ల వేగంతో పోయేది, ఇప్పుడు 300తోనే నడుపుతున్నారు. 30 కిలోమీటర్లు, 8 నిమిషాలు, 50 యువాన్లు. అదే రోజు విమానం టికెట్ చూపిస్తే 40. ఎత్తంటే భయపడే మా బావమరిది, తలుపు మీద వేగం చూపించే అంకెల కిందే నిలబడి వీడియో తీశాడు. బ్రేక్ ప్యాడ్ల పెట్టె మాత్రం చెకిన్‌లో వేయండి, చేతి బ్యాగులో పెట్టారంటే మళ్ళీ జిప్పు తీయాల్సిందే.