ఊరి మురుగునీటి పనికి పంచాయతీలో అర్జీ పెట్టుకునే విధానం

వీధి చివర మురుగు నిలిస్తే చాలామంది పంచాయతీని అడిగేది ఒకటే: కాల్వ కట్టించండి. కట్టించారే అనుకుందాం, ఆ నీళ్లు చివరికి ఎక్కడికి పోవాలి? ఆ సంగతి తేల్చకుండా అర్జీ పెడితే మురుగు మన వీధిలోంచి పక్క వీధికి మారుతుంది, అంతే.

దీనికి అచ్చు ఫారం కోసం వెతకక్కర్లేదు. పంచాయతీ కార్యదర్శి పేరిట తెల్లకాగితం మీద రాసి, వీధివాళ్లంతా సంతకాలు చేస్తే చాలు. అసలు పని అందులో ఏం రాయాలన్న దగ్గరే ఉంది.

మొదట నీళ్ల లెక్క. ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలి. వాడుకున్నాక అందులో సుమారు మూడింట రెండు వంతులు మురుగుగా బయటికొస్తాయి. 300 మంది ఉన్న వీధిలో రోజుకు దాదాపు 11 వేల లీటర్లన్నమాట. ఈ అంకె అర్జీలో ఉంటే ఇంజనీరు కాదనలేడు.

తర్వాత నేల. అడుగు లోతు గుంత తీసి, రెండు మూడుసార్లు నీళ్లు పోసి, ఎంతసేపట్లో ఇంకుతున్నాయో చూడండి. ఇసుక, ఎర్ర నేలల్లో ఇంటింటికీ ఇంకుడు గుంత సరిపోతుంది. నల్లరేగడిలోనూ, వానాకాలం నీళ్లు పైకి ఊరే చోటా ఇంకుడు గుంత అడగొద్దు, నిండి పొంగుతుంది. అలాంటి చోట మురుగును వరుస కుంటల్లో నిలిపి శుద్ధి చేయాలి. దానికి ఊరి దిగువన పంచాయతీ స్థలం కావాలి కాబట్టి సర్వే నంబరుతో సహా రాయండి. తాగునీటి బావి, బోరు ఎంత దూరంలో ఉన్నాయో చేతిగీతతో పటం గీసి జత చేస్తే ఇంకా మంచిది.

ఒక ఇబ్బంది ఉంది, ఎవరూ పైకి చెప్పరు. కొందరు సెప్టిక్ ట్యాంక్ పైపును నేరుగా కాల్వలో కలిపేస్తారు. ఇంకుడు గుంతలు వంటింటి, స్నానాల, ఉతుకుడు నీళ్ల కోసమే. మరుగుదొడ్డి నీళ్లు కలిస్తే పథకం మొత్తం పాడవుతుంది. అర్జీకి ముందే వీధిలో మాట్లాడుకుని ఆ పైపులు వేరు చేయించండి.

ఇక డబ్బు. స్వచ్ఛ భారత్ మిషన్ గ్రామీణ్ రెండో దశ మార్గదర్శకాల్లో మురుగునీటి పనులకు 5,000 లోపు జనాభా ఉన్న ఊరికి తలకు రూ.280 వరకు పెట్టారు. అంటే వెయ్యి మంది ఊరికి గరిష్ఠంగా రూ.2.80 లక్షలు. అందులో 30 శాతం, రూ.84 వేలు, పంచాయతీ తనకు కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం నిధుల నుంచి పెట్టుకోవాలి. ఈ లెక్కలో మోటార్లతో నడిచే మురుగు శుద్ధి ప్లాంటు రాదు, వచ్చినా దాని కరెంటు బిల్లు ఎవరు కడతారు?

అర్జీ ఇచ్చి ఊరుకుంటే ఫైల్లోనే ఉండిపోతుంది. గ్రామసభలో చదివించి, తీర్మానం పుస్తకంలో రాయించి, గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో చేర్పించాలి. వచ్చే ఏడాది ప్రణాళిక కసరత్తు సాధారణంగా అక్టోబరు 2న మొదలవుతుంది కాబట్టి సెప్టెంబరులోనే ఇవ్వడం నయం. ప్రణాళికలో మీ పని ఎక్కిందో లేదో పంచాయతీల ప్రణాళికలు పెట్టే ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. ఎక్కాక ఇంజనీరింగ్ వాళ్లు అంచనా వేస్తారు, మంజూరు పైనుంచి వస్తుంది.

అర్జీ కాపీ మీద తేదీ, ముద్ర వేయించుకోవడం మర్చిపోవద్దు. కదలిక లేకపోతే ఆ కాపీతో సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల కార్యక్రమానికి వెళ్లండి. లేదంటే పంచాయతీలోనే సమాచార హక్కు కింద అడగండి. గ్రామస్థాయిలో దరఖాస్తు రుసుము లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి.