పీ53 వ్యాసం చదవడం ఎలా: దూకే డీఎన్ఏను అణచడం వేరు, కణాన్ని చంపడం వేరు

ఐఐఎస్సీ, జీకేవీకే ఆవరణలోని ఎన్‌సీబీఎస్ వంటి పరిశోధన సంస్థల్లో ప్రాజెక్టు చేయాలన్న ఆశతో బెంగళూరులో ఎం.ఎస్సీ. చదువుతున్న మన తెలుగు విద్యార్థులకు పీ53 వంటి కణితి నిరోధక జన్యువుల (కణాలు క్యాన్సర్ కణితిగా మారకుండా ఆపే జన్యువుల) గురించిన పరిశోధన వ్యాసాలు తప్పకుండా ఎదురవుతాయి. వాటిలో ‘పీ53 లేని కణాల్లో దూకే డీఎన్ఏ పెరిగింది’ అన్న వాక్యం కనిపిస్తే అక్కడ కాసేపు ఆగండి. దూకే డీఎన్ఏ అంటే తన ప్రతులను కణంలోని డీఎన్ఏలో కొత్త చోట్ల చేర్చగల ముక్క. పీ53 ఆ డీఎన్ఏను నేరుగా అణచి ఉండవచ్చు. లేదా అసలు అణచకుండానే, ఆ డీఎన్ఏ దూకినందువల్ల దెబ్బతిన్న కణాలను చంపేసి లెక్కకు రాకుండా చేసి ఉండవచ్చు. చేలో కలుపు మొలవకుండా చూడటానికీ, మొలిచిన కలుపును పీకేయడానికీ ఎంత తేడా ఉందో ఈ రెండింటికీ అంత తేడా ఉంది. వ్యాసం వీటిలో దేన్ని రుజువు చేసిందో తేల్చుకోవడమే చదువరిగా మీ పని.

ముందుగా కొంత నేపథ్యం అవసరం. మానవ జీనోములో (మొత్తం డీఎన్ఏలో) దాదాపు 17 శాతం లైన్-1 అనే దూకే మూలకానిదే. దాని ప్రతులు సుమారు 5 లక్షలు ఉన్నా చాలావరకు తెగిపోయిన ముక్కలే. దాదాపు 6,000 బేసుల నిండు పొడవుతో ఇంకా దూకగలిగినవి వంద లోపే ఉంటాయని అంచనా. లైన్-1 తయారు చేసే రెండో ప్రోటీను డీఎన్ఏ పోగును కత్తిరించి, ఆ కోత దగ్గరే ఆర్ఎన్ఏ నుంచి కొత్త ప్రతిని రాస్తుంది. ఈ కోతలే కణానికి ప్రమాద సంకేతాలు కాగలవు. మామూలు రోజుల్లో ఎండీఎం2 ప్రోటీను పీ53 ప్రోటీనును ఎప్పటికప్పుడు నాశనం చేయిస్తూ ఉంటుంది. డీఎన్ఏ దెబ్బతిన్నప్పుడు ఆ పట్టు సడలి పీ53 పోగవుతుంది. అప్పుడది పీ21 అనే ప్రోటీను ద్వారా కణ విభజనను ఆపుతుంది, లేదా ప్యూమా, బాక్స్ వంటి ప్రోటీన్ల ద్వారా మైటోకాండ్రియా నుంచి సైటోక్రోమ్-సీ అనే ప్రోటీనును బయటికి రప్పించి, కణాన్ని లోపలి నుంచే కోసేసే కాస్పేజు ఎంజైములను మేల్కొలిపి కణాన్ని చంపిస్తుంది.

వ్యాసం తెరవగానే ఏ కణాలు వాడారో చూడండి. ప్రయోగశాలల్లో పెంచే హీలా అనే క్యాన్సర్ కణాల్లో పీ53 జన్యువు బాగానే ఉన్నా, పాపిలోమా వైరస్ ఈ6 ప్రోటీను దాన్ని నాశనం చేయిస్తుంది కాబట్టి వాటిని ‘పీ53 ఉన్న కణాలు’గా లెక్కించలేం. హెచ్‌సీటీ116 అనే పెద్దపేగు క్యాన్సర్ కణాల్లో పీ53 ఉన్నదీ, తొలగించినదీ జంటగా దొరుకుతాయి. పోలికకు అలాంటి జంటే నమ్మదగినది. వేర్వేరు రోగుల నుంచి వచ్చిన రెండు కణ వంశాలను పక్కపక్కన పెట్టి తేడా అంతా పీ53దే అంటే ఒప్పుకోకండి.

తర్వాత ఏం కొలిచారన్న ప్రశ్న వస్తుంది. నా దృష్టిలో పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. క్యూపీసీఆర్‌తో (ప్రతులను పెంచుతూ పరిమాణం కొలిచే పద్ధతితో) లైన్-1 ఆర్ఎన్ఏ కొలిచి ఉంటే, నమూనాను డీఎన్ఏను ముక్కలు చేసే డీఎన్ఏజ్ ఎంజైముతో శుభ్రం చేశారా, ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మార్చే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ కలపని గొట్టాన్ని కూడా నడిపారా అని పద్ధతుల భాగంలో వెతకండి. లక్షల ప్రతులున్న మూలకం కాబట్టి, లేశమాత్రం డీఎన్ఏ మిగిలినా అది ఆర్ఎన్ఏలా నటిస్తుంది. పైగా ఇతర జన్యువుల ఇంట్రాన్లలో (ఆర్ఎన్ఏ నుంచి కత్తిరించి తీసేసే భాగాల్లో) ఇరుక్కున్న లైన్-1 ముక్కలు ఆ జన్యువులతో పాటే ఆర్ఎన్ఏగా మారతాయి. అందుకే ప్రైమర్లు (కొలిచే చోటును గుర్తించే చిన్న డీఎన్ఏ ముక్కలు) లైన్-1 ఆరంభమయ్యే 5 ప్రైమ్ కొసన ఉన్నాయో లేదో కూడా చూడాలి. ఆర్ఎన్ఏ పెరిగినంత మాత్రాన డీఎన్ఏ దూకినట్టు కాదు. దూకిందని చూపడానికి, పచ్చగా వెలిగే జీఎఫ్‌పీ ప్రోటీనును గుర్తుగా వాడే రిపోర్టరు ఉంది: లైన్-1 చివర జీఎఫ్‌పీ జన్యువును తిరగేసి, మధ్యలో లైన్-1 దిశలో మాత్రమే తొలగే ఒక ఇంట్రాన్‌ను పెడతారు. లైన్-1 ఆర్ఎన్ఏగా మారి, ఇంట్రాన్ తొలగి, తిరిగి డీఎన్ఏగా జీనోములో చేరితేనే ఆ కణం పచ్చగా వెలుగుతుంది.

అయితే పచ్చని కణాలను లెక్కించేది చాలా రోజుల తర్వాత. ఆ లోపు పీ53 ఉన్న గిన్నెలో దూకుడు జరిగిన కణాలు చచ్చిపోయి ఉంటే, మిగిలిన పచ్చదనం తక్కువగానే కనబడుతుంది. అందుచేత అదే ప్రయోగంలో చచ్చే కణాలకు అతుక్కునే అనెక్సిన్-5తోనో, చీలిన కాస్పేజ్-3తోనో కణ మరణాన్ని కొలిచారా, కాస్పేజ్ నిరోధకం కలిపి మళ్లీ లెక్కించారా అని చూడండి. నిరోధకం కలిపాక తేడా మాయమైతే చాలావరకు మరణమే కారణం. తేడా అలాగే నిలిస్తే నేరుగా అణచివేత జరిగిందన్న మాటకు బలం వస్తుంది. విభజన ఆగిపోవడం వల్ల కూడా పచ్చని కణాలు తగ్గవచ్చు కనుక పీ21 సంగతీ అడగాలి.

అణచివేతకు సూటి సాక్ష్యం క్రోమాటిన్‌లో (డీఎన్ఏ, దాన్ని చుట్టి ఉంచే హిస్టోన్ ప్రోటీన్లు కలిసిన రూపంలో) దొరుకుతుంది. లైన్-1 ఆరంభ భాగానికి పీ53 అతుక్కుందా, అది లేనప్పుడు అక్కడి డీఎన్ఏను మూగగా ఉంచే, హిస్టోన్-3 తొమ్మిదో లైసీను మీది మూడు మిథైల్ గుర్తులు తగ్గాయా అన్నది చూపిన వ్యాసం మెరుగైనది. పీ53ని తిరిగి ప్రవేశపెట్టి చూసినది అంతకంటే మెరుగు. 2016లో వెలువడిన ఈగల, జీబ్రా చేపల అధ్యయనాన్ని నేను మెచ్చుకునేది అందుకే. పీ53 లేని ఈగల్లో రెట్రోట్రాన్స్‌పోజాన్లు (లైన్-1 లాగే ఆర్ఎన్ఏ మీదుగా దూకే డీఎన్ఏలు) విజృంభించగా, మనిషి మామూలు పీ53 జన్యువు వాటిని అణచింది, క్యాన్సర్ రోగుల్లో కనిపించే మార్పు చెందిన రూపాలు అణచలేకపోయాయి.

కణితుల గణాంకాలను చివర చదవండి. 1992లో ఒక పెద్దపేగు కణితిలో ఏపీసీ అనే మరో కణితి నిరోధక జన్యువులోకి లైన్-1 దూరి దాన్ని చెడగొట్టిందని తేలింది. అక్కడ కారణం స్పష్టం. కానీ ఎన్నో కణితుల్లో లైన్-1 ప్రోటీను కనబడటం, వాటిలో పీ53 చెడి ఉండటం అన్నవి కలిసి సాగే విషయాలు మాత్రమే. రచయితలు అక్కడ ‘వల్ల’ అని రాశారో, ‘తో పాటు’ అని రాశారో పెన్సిలుతో గీత గీసుకుని, దానికి ఆధారమైన పటం సంఖ్యను పక్కనే రాసి పెట్టుకోండి.