గోడ పని గోడ దగ్గరే, మిగతాది ఇంట్లో

పాత భవనాల మీద వెలిసిపోయిన రాతలకు మళ్లీ రంగులు వేసే పని నాది. ఎండావానలను బట్టి నడిచే పని కాబట్టి ఎప్పుడు ఖాళీయో ఇంట్లో చెప్పలేక ఒకటే టెన్షన్.

ఇప్పుడు పనిని రెండుగా విడగొట్టాను. పొద్దున్నే గోడ నీడలో ఉండగా రంగు వేస్తాను (వేడెక్కిన గోడ మీద రంగు త్వరగా ఆరిపోయి గీత సాఫీగా రాదు). కాగితం మీద అక్షరాలు గీసి అంచుల వెంట సూదితో చిల్లులు పెట్టడం మాత్రం రాత్రి ఇంట్లోనే, పిల్లలు పక్కన హోంవర్క్ చేసుకుంటుంటే. తర్వాత ఆ కాగితం గోడకు ఆనించి సుద్దపొడి మూటతో తడితే అక్షరం దిగుతుంది.

పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, దాని దుమ్ము విషం, పిల్లలకు మరీ ప్రమాదం, అందుకే పొడిగా గీకను, తడిపి గీకుతాను. పని బట్టలు విడిగా ఉతుకుతాను. స్నానం చేసేదాకా, ఎంత ఏడ్చినా సరే, చిన్నదాన్ని ఎత్తుకోను. వాన పడితే ఆ రోజు మా ఇంట్లోవాళ్లదే, ఈ మాట భవనాల ఓనర్లకి ముందే చెప్పేస్తున్నాను.