టీవీ బంద్ చేస్తే పిల్లల లొల్లి: ఏం చేయాలి?

నల్లగొండలో మా ఇంట్లో సాయంత్రం ఆరు దాటిందంటే రిమోట్ కోసం పంచాయతీ మొదలు. నాయనమ్మకు సీరియల్, పిల్లాడికి కార్టూన్. మీ ఇంట్లోనూ ఇంతే అయితే ఇది చదవండి.

సమస్య: టీవీ ఆపగానే కింద పడి దొర్లి ఏడుస్తాడు

కారణం: మొండితనం అనుకుంటాం. కానీ పది నిమిషాలు ఏడ్చాక "సరే, చూసుకో పో" అని పెట్టేది మనమే. పది నిమిషాల ఏడుపుకు టీవీ వస్తుందని వాడు నేర్చుకున్నాడు, అంతే. ఒకరోజు గట్టిగా ఉండి మరో రోజు లొంగిపోవడం ఇంకా చెడ్డది. ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతుందన్న ఆశతో ఇంకా ఎక్కువసేపు ఏడుస్తాడు.

పరిష్కారం: పెట్టకముందే చెప్పండి. చిన్నపిల్లలకు అరగంటంటే తెలియదు, "ఈ ఒక్క కథ అయిపోగానే బంద్" అంటే తెలుస్తుంది. రిమోట్ వాడికే ఇచ్చి వాడితోనే ఆపించండి. ఆపగానే చేతికి ఇంకో పని ఉండాలి: జొన్నరొట్టెల పిండిలోంచి చిన్న ముద్ద ఇచ్చినా చాలు. మొదటి కొన్ని రోజులు ఏడుపు తగ్గకపోగా పెరగొచ్చు. చాలామంది అక్కడే ఓడిపోతారు (నేనూ రెండుసార్లు ఓడిపోయాను). ఇంట్లో అందరిదీ ఒకే మాట కావాలి. పాలమూరు నుంచి వలస పోయి పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలినవాళ్లు ఫోన్‌లో "అమ్మమ్మ చెప్పిందే లెక్క" అనాలి. "పోనీలే, చూడనీ" అంటే ఆమె కష్టమంతా బూడిదలో పోసినట్టే.

సమస్య: చెల్లెల్ని కొడుతున్నాడు

కారణం: చూసింది చేయడం. 1961లో ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగంలో, పెద్దవాళ్లు గాలిబొమ్మను బాదడం చూసిన పిల్లలు తామూ అలాగే బాదారు. 1963లో అదే ఫిల్ముగా చూపించినా అంతే. అయితే తప్పంతా టీవీ మీద వేయకండి. "కొట్టొద్దురా" అంటూ వీపు మీద ఒకటి వేస్తే వాడు నేర్చుకునేది మాటను కాదు, దెబ్బను.

పరిష్కారం: పక్కన కూర్చుని చూడండి, ఫైటింగ్ వస్తే ఛానల్ మార్చండి. మీ చెయ్యి కూడా ఆపుకోండి.

సమస్య: రాత్రి నిద్రపోడు

పడుకునే గంట ముందు టీవీ, ఫోన్ రెండూ బంద్. పెద్దల సీరియల్ కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క: రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలు వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించొద్దు.

సమస్య: పేరు పెట్టి పిలిచినా పలకడు, రెండేళ్లొచ్చినా మాటలు లేవు

టీవీ వల్లేనని ఊరుకోవద్దు. ముందు వినికిడి పరీక్ష చేయించండి. అంగన్‌వాడీకి వచ్చే బాల స్వాస్థ్య కార్యక్రమం (పిల్లల ఆరోగ్యం చూసే ప్రభుత్వ పథకం) డాక్టర్లకు చూపించండి. వాళ్లు వచ్చే తేదీ అంగన్‌వాడీ టీచర్‌ను అడిగితే చెబుతారు.