పిల్లలు మందో యాసిడో మింగితే ఏం చేయాలి, అసలు అక్కడిదాకా రాకుండా ఏం చేయాలి

మందులన్నీ అలమరలో పెట్టి తాళం వేసేశాం కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. కానీ సీసా అలమరలో ఉన్నప్పుడు కాదు, వాడుతూ వాడుతూ పక్కన పెట్టినప్పుడే కొంప మునిగేది. బాత్రూమ్ కడుగుతుంటే ఫోన్ మోగింది, యాసిడ్ సీసా మూత తీసే ఉంది, రెండేళ్ల పిల్లాడికి ఆ అర నిమిషం చాలు. అందుకే మూత బిగించి పైన పెట్టాకే ఫోన్ ఎత్తండి.

కిరోసిన్, పురుగుమందు కూల్‌డ్రింక్ బాటిల్లో పోసి పెట్టడం మాత్రం మానెయ్యండి బాబూ, దానికి ఏ సాకూ చెల్లదు. మాత్రని చాక్లెట్ అని చెప్పి మింగించొద్దు. పెద్దవాళ్ల బ్యాగులు, దిండు కింద స్ట్రిప్పులు కూడా చూడండి, కొన్ని రకాల షుగర్ మాత్రలు ఒక్కటి మింగినా చిన్నపిల్లలకి షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది.

సరే, మింగేశాడు. నోట్లో మిగిలింది తీసేసి నోరు తుడవండి. గొంతులో వేలు పెట్టి కక్కించడం, ఉప్పునీళ్లు తాగించడం అస్సలు వద్దు, కిరోసిన్ అయితే కక్కేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, యాసిడ్ అయితే పైకొస్తూ గొంతుని ఇంకోసారి కాలుస్తుంది, ఉప్పునీళ్లేమో ఒంట్లో సోడియం పెంచేసి అదే ఇంకో ప్రమాదం. స్పృహ లేకపోతే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పోయకండి, వెంటనే అంబులెన్స్ పిలవండి. ఒంటి మీద పడితే బట్టలు విప్పి కడగాలి, కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు నీళ్లు ధారగా పోయాలి.

ఇంకోటి, "బానే ఆడుకుంటున్నాడుగా, సాయంత్రం చూద్దాం" అనే మాట. పారాసెటమాల్ ఎక్కువ మింగిన పిల్లాడు మొదటి రోజంతా మామూలుగానే ఉండొచ్చు, లివర్ దెబ్బతిన్నట్టు తెలిసేది తర్వాత, విరుగుడు మందేమో మింగిన 8 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. ఐరన్ మాత్రలైతే వాంతులు తగ్గి కోలుకున్నట్టే కనిపించి మళ్లీ తిరగబెడుతుంది. బటన్ సెల్ (వాచీల్లో, బొమ్మల్లో ఉండే గుండ్రటి చిన్న బ్యాటరీ) గొంతులో ఇరుక్కుంటే 2 గంటల్లోనే లోపల కాల్చేస్తుంది, కాబట్టి అనుమానం ఉన్నా చాలు, ఎక్స్‌రే తీయించాల్సిందే.

హాస్పిటల్‌కి వెళ్లేటప్పుడు ఆ సీసానో స్ట్రిప్పో పట్టుకెళ్లండి, ఎన్ని ఉండాలి ఎన్ని మిగిలాయి, ఎన్నింటికి జరిగింది, పిల్లాడి బరువెంత, ఇవే ముందు అడుగుతారు. పక్కన ఇంకో పిల్ల ఆడుకుంటూ ఉంటే తనని కూడా తీసుకెళ్లండి, ఇద్దరూ పంచుకుని ఉండొచ్చు.