ఏటవాలు పెరడు చదును - మూడో పాఠం: స్తంభాలు, మొదటి వరుస

ఏటవాలు పెరట్లో స్లీపర్లతో, అంటే లావాటి చెక్క దిమ్మెలతో, మట్టిని ఆపే గోడ కడుతున్నాం. పోయిన పాఠంలో వాలు కొలిచినవాళ్లలో చాలామంది ఒకే చోట తడబడ్డారు. పై గూటం నుంచి కింది గూటానికి పురికొస బాగానే కట్టారు, రసమట్టం పెట్టి సరిచూశారు, కింది గూటం దగ్గర నేల నుంచి దారం దాకా కొలిచారు. 75 సెంటీమీటర్లు వచ్చింది. అదే వాలు అనుకుని నాలుగు వరుసలకు స్లీపర్లు ఆర్డర్ పెట్టేశారు. పై గూటం దగ్గర కూడా దారం నేలకు 15 ఎత్తులో ఉంది కదా! అది తీసేయాలి. అసలు వాలు 60, అంటే వరుసకు 20 చొప్పున మూడు వరుసలు. పైన దారాన్ని సరిగ్గా నేలకు ఆనించి కట్టినవాళ్లు తీసేయాల్సింది ఏమీ లేదు. పైన పేటియో (రాళ్లు పరిచిన అరుగు) ఉంటే దాని రాళ్ల మీద నుంచే కొలవండి, పక్కన గడ్డి మీద నుంచి కాదు.

నేలను 30 సెంటీమీటర్ల కంటే ఎత్తు లేపితే ఇంగ్లండ్‌లో ప్లానింగ్ అనుమతి కావాలేమో కౌన్సిల్‌లో కనుక్కోమని మొదటి పాఠంలోనే చెప్పాను. కనుక్కోనివాళ్లు ఇక్కడే ఆగండి.

ఇక లెక్క. పెరడు వెడల్పు 6 మీటర్లు, స్లీపరు పొడవు 2.4 మీటర్లు, మందం 10, వెడల్పు 20 సెంటీమీటర్లు. అంచు మీద నిలబెడితే మూడు వరుసలకు 8 చాలు. పడుకోబెడితే 15 కావాలి. చూడ్డానికి పడుకోబెట్టిందే దిట్టంగా ఉంటుంది, కానీ నా ఓటు నిలబెట్టడానికే. మొదటి వరుసలో సగం ముక్క కుడి చివర, రెండో వరుసలో ఎడమ చివర, మూడోది మళ్లీ మొదటిలాగే. అతుకులు ఒకదాని మీద ఒకటి పడకుండా వాటంతట అవే తప్పుకుంటాయి. క్రియోసోట్ (చెక్క పుచ్చకుండా పట్టించే తారు మందు) పట్టిన పాత రైలు స్లీపర్లు ఎవరైనా ఉచితంగా ఇస్తామన్నా తెచ్చుకోకండి. అది చర్మానికి మంచిది కాదు, మీరేమో పక్కనే గోంగూర వేస్తారు.

గాడి తవ్వడం, కంకర వేసి దిమ్మిస కొట్టడం, మొదటి స్లీపరును మట్టంగా కూర్చోబెట్టడం మీకు తెలిసినవే.

స్తంభాల దగ్గరే నాకు చిరాకు. 10×10 సెంటీమీటర్ల స్తంభాలు 2.4 మీటర్లవి మూడు కొని సగానికి కోస్తే ఆరు వస్తాయి. 1.2 మీటర్లకు ఒకటి పాతితే ప్రతి అతుకు వెనకా ఒక స్తంభం ఉంటుందని అంటారు. వెనక కాదండీ, ముందు! పల్లం వైపు! అందం కోసం స్తంభాల్ని మట్టి వైపు దాచేస్తారు. అప్పుడు మట్టి స్లీపరును స్తంభానికి దూరంగా తోస్తుంది, ఆపేది స్క్రూలు మాత్రమే. వాన పడి మట్టి బరువెక్కే కొద్దీ స్క్రూ పట్టు వదిలి సందు కనిపిస్తుంది. పల్లం వైపు ఉంటే అదే మట్టి స్లీపరును స్తంభానికి అదుముతుంది. వాలిన పందిరికి ఊతకర్ర పడిపోయే వైపే పెడతాం కదా! స్తంభాలు కనబడటం నచ్చకపోతే మల్లెతీగ పాకించండి, అంతే కానీ వెనక్కి నెట్టకండి.

సగం పొడవు, అంటే 60 సెంటీమీటర్లు, నేలలోకి దిగాలి. కోసిన కొన పైకి, ఫ్యాక్టరీ కొన కిందికి. చెక్క పుచ్చకుండా పట్టించిన మందు బాగా ఒంటపట్టింది ఫ్యాక్టరీ కొనకే. కోసిన చోట ప్రిజర్వేటివ్, అంటే అలాంటి మందే, రెండు పూతలు వేయండి. స్తంభంలోంచి స్లీపరులోకి 150 మిల్లీమీటర్ల స్క్రూలు, ఒక్కో స్లీపరుకు ఒక్కో స్తంభం దగ్గర రెండు.

వెనక మట్టి ఇప్పుడే నింపకండి. అక్కడ చేరే నీళ్లు పోవడానికి కంకర, చిల్లుల పైపు వచ్చే పాఠంలో.

అభ్యాసం: స్తంభాలు నిలబెట్టి కాంక్రీటు పోసే ముందు, వాటికి తవ్విన ఆరు గుంటల్లోనూ తలా ఒక బకెట్ నీళ్లు పోయండి. పోయగానే ఒకసారి, గంటకొకసారి చొప్పున పడుకునే దాకా, మర్నాడు పొద్దున్నే మళ్లీ నీటి లోతు స్కేలుతో కొలిచి గుంటవారీగా రాసిపెట్టండి. బంకమట్టి నేలైతే తెల్లారినా నీళ్లు అలాగే ఉండొచ్చు, కంగారు పడకండి. పైపు ఏ మూలకు వాలాలో ఆ కాగితం చూసే తేలుస్తాం.