కొండవీటి కోట శిథిలాలను చదివే పద్ధతి

గుంటూరు, చిలకలూరిపేటల మధ్య కొండల వరుసపై ఉన్న కొండవీటి కోటకు ఇప్పుడు ఘాట్ రోడ్డు ఉంది కాబట్టి పైకి చేరడం కష్టం కాదు. చేరిన తరువాత ఏది ఎందుకు కట్టారో పోల్చుకోవడమే కష్టం. అందుకు ముందుగా కోట చేతులు మారిన క్రమాన్ని మనసులో పెట్టుకోవాలి. అద్దంకి నుంచి పాలించిన ప్రోలయ వేమారెడ్డి తరువాత ఆయన కుమారుడు అనవోతారెడ్డి 14వ శతాబ్ది నడుమ రాజధానిని ఇక్కడికి మార్చాడు. 15వ శతాబ్ది తొలి పాదంలో రెడ్ల పాలన ముగిసింది. ఆ తరువాత కోట ఒడిశా గజపతులకు, 1515లో శ్రీకృష్ణదేవరాయలకు, 1579 ప్రాంతంలో గోల్కొండ సుల్తానులకు, చివరికి 1788లో గుంటూరు సర్కారుతో పాటు ఈస్టిండియా కంపెనీకి దక్కింది.

పైకి వెళ్లగానే చాలామంది బురుజుల వైపు నడుస్తారు. నా మాట వింటే ముందు చెరువుల దగ్గరికి వెళ్లండి. గోడ ఎంత ఎత్తుగా ఉన్నా, ముట్టడి నెలల తరబడి సాగినప్పుడు లోపలివారిని నిలబెట్టేది నీరే. కొండపైన ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు అని మూడు ఉన్నాయి. గట్టు మీద నిలబడి వాన నీరు ఏ వాలు నుంచి దిగుతుందో, చెరువు నిండితే మిగులు నీరు ఎటు పోతుందో చూడండి. ఆ వాలును పట్టుకుని నడిస్తే ఇళ్లు, ధాన్యపు కొట్లు, సైనికుల బసలు ఎక్కడ ఉండి ఉంటాయో మీకే తోచడం మొదలవుతుంది.

తరువాత ద్వారాల దగ్గర ఆగండి. లోపలికి దారి నేరుగా పోతుందా, మలుపు తిరుగుతుందా అన్నది గమనించండి. మలుపు ఉంటే ఏనుగులతో తలుపులను గుద్దించడానికి కావలసినంత పరుగు శత్రువుకు దొరకదు. తలుపులు ఇప్పుడు లేకపోయినా వాటి జాడ రాతిలో మిగిలి ఉంటుంది. గడప రాయి చివర గుండ్రటి గుంట కనిపిస్తే దానిలో వేలు పెట్టి చూడండి. తలుపు ఇరుసు తిరిగి తిరిగి లోపలి అంచు నున్నగా అరిగి ఉంటుంది. ఎన్ని వందల ఏళ్లు ఎందరు కావలివారు ఆ తలుపును తెరిచి మూశారో ఆ నునుపే చెబుతుంది.

గోడలను చూసేటప్పుడు రాళ్ల అతుకులను పరిశీలించాలి. సున్నం లేకుండా పెద్ద బండలను ఒకదానిపై ఒకటి పేర్చిన వరుసలు ఒక పద్ధతి, చిన్న రాళ్లను డంగుసున్నంతో కట్టి గచ్చు పూసినవి మరొక పద్ధతి. రెండూ ఒకే గోడలో కింద ఒకటి, పైన ఒకటిగా కనిపిస్తే అక్కడ తరువాతి వారు మరమ్మతు చేశారని అనుకోవచ్చు. స్తంభాలు, దూలాలతో కట్టిన మండపాల కంటే కమానులతో కట్టినవి సాధారణంగా తరువాతి కాలానివి. అయితే ఈ ఒక్క ఆధారంతోనే కాలాన్ని తేల్చేయకూడదు. పాత కట్టడాల రాళ్లను తెచ్చి కొత్త గోడల్లో వాడుకోవడం అన్ని కోటల్లోనూ జరిగింది.

దిగి వచ్చిన తరువాత కొండ కింది ఊళ్లోని గోపీనాథస్వామి ఆలయాన్ని తప్పక చూడాలి. జనం దీన్ని కత్తుల బావి అని పిలుస్తారు. రాయలు 72 మంది రెడ్డి నాయకులను ఇక్కడ మాయోపాయంతో చంపించాడన్న కథ ప్రచారంలో ఉంది. ఇలాంటి కథ విన్నప్పుడు దాన్ని తేదీలతో సరిచూడండి. 1515లో రాయలకు ఎదురు నిలిచింది గజపతుల సైన్యం, అక్కడ పట్టుబడినవాడు గజపతి కుమారుడు వీరభద్రుడు. అప్పటికి రెడ్డి రాజ్యం పోయి దాదాపు 90 ఏళ్లు అయింది. కథను కథగా రాసుకుని, శాసనం చెప్పేదాన్ని వేరుగా రాసుకోవాలి. ఊరివాళ్లతో వాదించనక్కరలేదు, వాళ్ల జ్ఞాపకం కూడా కోటలో భాగమే.

శాసనం కనిపిస్తే అక్షరాలు తేటగా రావాలని సుద్దపొడి, నూనె, పసుపు పూయకండి. ఇనుప బ్రష్షుతో నాచును గీరకండి, ఒక్క గీతతో ఒత్తులూ దీర్ఘాలూ శాశ్వతంగా పోతాయి. ఉదయం ఎండ ఏటవాలుగా పడే వేళ రాయికి పక్కగా నిలబడి ఫొటో తీయండి. మధ్యాహ్నం చదునుగా కనిపించిన రాతి మీద ఆ వెలుగులో అక్షరాల అంచులకు నీడలు పడి, పంక్తులు ఒక్కొక్కటిగా పైకి తేలతాయి.